సాక్ష్య చట్టం బట్టీ పట్టకుండా చదవడం ఎలా?

లా చదివే రోజుల్లో నేను సాక్ష్య చట్టాన్ని సెక్షన్ల వరసలో బట్టీ పట్టాను. మార్కులు బాగానే వచ్చాయి. తర్వాత ఒక హత్య కేసు ట్రయల్లో సీనియర్ వెనక కూర్చున్నాను. బోనులో ఉన్న సాక్షి "మా బావమరిది చూశాడంట, నాతో చెప్పాడు" అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే మా సీనియర్ లేచి అభ్యంతరం చెప్పారు. విన్నమాట సాక్ష్యం కాదన్న సంగతి సెక్షన్ నంబరుతో సహా నాకూ తెలుసు. కానీ ఆ వాక్యం చెవిన పడినప్పుడు, నేను చదివింది దీని గురించేనని తట్టలేదు.

ఆ తర్వాత చదివే పద్ధతే మార్చుకున్నాను. లా విద్యార్థులైనా, కొత్తగా నల్లకోటు వేసుకున్న జూనియర్లైనా, జ్యుడీషియల్ సర్వీసు పరీక్షకు కూర్చునేవాళ్లైనా ఇలా చదివి చూడండి. క్రిమినల్ ట్రయల్ వరకే చెబుతున్నాను.

1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

భారతీయ సాక్ష్య అధినియం 2023 బేర్ యాక్ట్ (వ్యాఖ్యానాలు లేని చట్టపాఠం), పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత బేర్ యాక్ట్, ఒక లావుపాటి నోటుబుక్. మొదటి నెల ఇవి చాలు. గైడ్లు తర్వాత చూసుకోవచ్చు.

కొత్త చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. 1872 నాటి పాత చట్టంలో 167 సెక్షన్లుంటే ఇందులో 170 ఉన్నాయి. విషయం చాలావరకు పాతదే, నంబర్లే మారాయి. పాత నంబర్లను వదిలేయొద్దు. అప్పటికే పెండింగులో ఉన్న కేసులు పాత చట్టం ప్రకారమే నడుస్తాయని 170వ సెక్షనే చెబుతోంది. పైగా మీరు చదివే ముఖ్యమైన తీర్పులు చాలావరకు పాత నంబర్లతోనే మాట్లాడతాయి. అందుకే బేర్ యాక్టులో ప్రతి ముఖ్యమైన సెక్షన్ పక్కన పాత నంబరును పెన్సిల్‌తో రాసుకోండి. అచ్చువేసిన పట్టిక దొరుకుతుంది కదా అని ఆ పని మానేయకండి. చేత్తో రాస్తేనే గుర్తుంటుంది.

చదవడం 2వ సెక్షన్‌తో మొదలుపెట్టండి. "రుజువైంది", "రుజువు కాలేదు", "అబద్ధమని రుజువైంది" అనే మూడింటి నిర్వచనాలూ అక్కడే ఉన్నాయి. నెమ్మదిగా చదవండి. "సహేతుకమైన అనుమానానికి తావులేకుండా" అని మనం రోజూ వాడే మాట ఆ నిర్వచనంలో కనిపించదు. చట్టం వివేకం గల మనిషి ఎప్పుడు నమ్ముతాడో చెప్పి ఊరుకుంది. క్రిమినల్ కేసులో ఆ నమ్మకం ఎంత గట్టిగా ఉండాలో తీర్పులు చెప్పాయి. ఏది చట్టం మాట, ఏది కోర్టుల మాట అన్న తేడా మొదటి రోజు నుంచీ నోటుబుక్‌లో వేరువేరుగా రాసుకోండి.

2. ఒక కేసు అల్లుకోండి

సెక్షన్లను విడివిడిగా చదివితే పట్టు దొరకదు. ఒక చిన్న కేసు ఊహించుకుని, చట్టమంతా దాని మీదే నడపండి. నేను జూనియర్లకు చెప్పేటప్పుడు వాడే కేసు ఇది.

రాత్రి 8 గంటలకు పొలం గట్టు మీద ఒక మనిషిని కత్తితో పొడిచారు. మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు. ప్రాసిక్యూషన్ దగ్గర ఉన్నవి:

పక్క పొలంలో నీళ్లు పెడుతున్న రైతు, పొడవడం కళ్లారా చూశానంటున్నాడు.
మృతుడి భార్య, "బాకీ డబ్బులు ఇస్తాను రమ్మన్నాడని ఫలానా ఆయన పేరు చెప్పి బయలుదేరారు" అంటోంది.
ఆసుపత్రిలో మెజిస్ట్రేటు రాసుకున్న వాంగ్మూలం ఉంది.
ముద్దాయి పోలీసులతో "నేనే పొడిచాను, కత్తి బావి పక్క పొదలో దాచాను, రండి చూపిస్తా" అన్నాడు. కత్తి అక్కడే దొరికింది.
కత్తి మీద మనిషి రక్తం ఉందని ఫోరెన్సిక్ రిపోర్టు వచ్చింది.
రోడ్డు మీది దుకాణం సీసీటీవీలో ముద్దాయి అటు వెళ్లడం కనిపించింది.
ఊళ్లో ఒకాయన "వాడు మొదటి నుంచీ రౌడీయే, చంపింది వాడేనని అందరూ అనుకుంటున్నారు" అంటున్నాడు.

ఈ ఏడింటికీ ఒక్కో పేజీ కేటాయించండి.

3. ప్రతి ముక్కకీ మూడు ప్రశ్నలు

ఇది కేసులోని అసలు వివాదానికి సంబంధించినదేనా? సంబంధించినదే అయినా, చట్టం దీన్ని లోపలికి రానిస్తుందా? రానిచ్చినా, ఎంతవరకు నమ్మాలి?

ఈ మూడింటినీ కలిపేయడం వల్లే చాలామందికి ఈ సబ్జెక్టంటే టెన్షన్. 3వ సెక్షన్ ఏమంటోందో చూడండి: వివాదంలో ఉన్న విషయాల గురించీ, చట్టం సంబద్ధమని (రెలెవెంట్ అని) చెప్పిన విషయాల గురించీ సాక్ష్యం ఇవ్వొచ్చు, మరి దేని గురించీ ఇవ్వకూడదు. అంటే మామూలు బుద్ధికి సంబంధం ఉన్నట్టు తోస్తే చాలదు. 4 నుంచి మొదలయ్యే సెక్షన్లలో ఏదో ఒకదాని కింద అది ఇమడాలి. పగ, ముందస్తు ఏర్పాట్లు, ఆ తర్వాతి ప్రవర్తన అయితే 6వ సెక్షన్. "నేను ఆ సమయంలో వేరే ఊళ్లో ఉన్నాను" అంటే 9వ సెక్షన్.

ఊరి పెద్దమనిషి మాటతో మొదలుపెడితే తేలిగ్గా అలవాటవుతుంది. "రౌడీ" అన్నది ముద్దాయి చెడు నడవడి. ముద్దాయే తన మంచితనం గురించి సాక్ష్యం పెట్టుకుంటే తప్ప, ప్రాసిక్యూషన్ దాన్ని ఎత్తకూడదని 49వ సెక్షన్ చెబుతోంది. "అందరూ అనుకుంటున్నారు" అన్నది విన్నమాట. నోటి సాక్ష్యం నేరుగా ఉండాలని, చూసినదైతే చూసినవాడే చెప్పాలని, విన్నదైతే విన్నవాడే చెప్పాలని 55వ సెక్షన్. ఒకే వాక్యాన్ని రెండు సెక్షన్లు రెండు కారణాలతో ఆపాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. "ఆయన నాతో అన్నాడు" అని మొదలైన ప్రతి మాటా విన్నమాట కాదు. అన్న మాట నిజమని నిరూపించడానికి తెస్తేనే అడ్డు. అసలు ఆ మాట అన్నారా లేదా అన్నదే వివాదమైతే, విన్నవాడు చెప్పొచ్చు. ఉదాహరణకు "చంపేస్తానని నన్ను బెదిరించారు" అని ఒకరు చెబితే, బెదిరింపు జరిగిందని చెప్పడానికి ఆ మాటే ఆధారం. మలయా నుంచి వచ్చిన సుబ్రమణియం కేసులో 1956లో ప్రివీ కౌన్సిల్ (లండన్‌లోని అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు) ఈ తేడానే చూపించింది.

4. నేరాంగీకారం దగ్గర ఎక్కువ రోజులు ఆగండి

నాలుగో పేజీ ఈ చట్టానికి గుండెకాయ. పోలీసు అధికారితో చేసిన నేరాంగీకారాన్ని ముద్దాయి మీద వాడకూడదు. అది 23వ సెక్షన్ మొదటి భాగం, పాత చట్టంలో 25. పోలీసు కస్టడీలో ఉండగా ఇంకెవరితో ఒప్పుకున్నా, ఎదురుగా మెజిస్ట్రేటు లేకపోతే అదీ చెల్లదు. అది రెండో భాగం, పాతది 26. భయపెట్టో, ఆశపెట్టో రాబట్టింది చెల్లదని 22వ సెక్షన్. ఇవి చదివేటప్పుడు స్టేషన్లో ఒంటరిగా కూర్చున్న మనిషిని ఊహించుకోండి. ఆ గదిలో ఏం జరిగిందో బయటివాళ్లెవరికీ తెలియదు. ఈ సెక్షన్లు ఆ మనిషి కోసం రాసినవి. అది మనసులో ఉంటే ఇవి బట్టీ పట్టాల్సిన అవసరమే రాదు.

తర్వాత 23వ సెక్షన్ చివర ఉన్న మినహాయింపుకి రండి. పాత చట్టంలో ఇదే 27. కస్టడీలో ఉన్న ముద్దాయి చెప్పిన సమాచారం వల్ల ఏదైనా బయటపడితే, బయటపడినదానితో స్పష్టంగా ముడిపడిన మాటలు మాత్రం సాక్ష్యంలోకి వస్తాయి. ఎంతవరకు వస్తాయన్నదే చిక్కు.

ఆ చిక్కు విప్పిన తీర్పు మన గుంటూరు ప్రాంతపు కేసులోదే. పులుకూరి కోటయ్య కేసు, 1947 రిపోర్టుల్లో దొరుకుతుంది. చెరువు మూల దగ్గర కాపుకాసి ఇద్దరిని కొట్టి చంపిన కేసు. ముద్దాయిల్లో ఒకరు కొట్లాట సంగతంతా పోలీసులకు చెప్పి, బల్లెం, కర్ర ఫలానా వాళ్ల గడ్డివాములో దాచానని, వస్తే చూపిస్తానని అన్నాడు. దాచిన చోటు గురించి, చూపిస్తాననడం గురించి చెప్పిన మాటలే వస్తాయని, కొట్టి చంపామన్న మాటలు రావని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. దొరికిందంటే వస్తువొక్కటే దొరికినట్టు కాదు. అది ఉన్న చోటు, అక్కడుందని ముద్దాయికి తెలిసి ఉండటం కూడా బయటపడినట్టే అని వివరించింది. ఆయుధం ఎప్పుడో జరిగిన నేరానికి వాడారన్న సంగతి మాత్రం ఆ దొరకడంతో బయటపడదు.

ఇప్పుడు మన కేసులో ముద్దాయి మాటను కాగితం మీద రాసి పెన్సిల్ పట్టుకోండి. "నేనే పొడిచాను" కొట్టేయండి. "కత్తి బావి పక్క పొదలో దాచాను, రండి చూపిస్తా" ఉంచండి. ఒకవేళ అతను "పొడిచిన కత్తి పొదలో దాచాను" అని ఉంటే? "పొడిచిన" అన్న ఒక్క మాటా కొట్టేయాలి. ఇలా పది వాక్యాలు మీరే తయారుచేసుకుని కొట్టేసి చూడండి. పోలీసులు తయారుచేసే మధ్యవర్తుల రిపోర్టులో ఒప్పుకోలు మొత్తం ఒకే పేరాగా ఉంటుంది. దాంట్లో ఏ వాక్యాన్ని ఎగ్జిబిట్‌గా (కోర్టు రికార్డులో గుర్తు వేసిన సాక్ష్యంగా) గుర్తించనివ్వాలో, ఎక్కడ లేచి నిలబడాలో తేల్చుకోవడానికి ఈ సాధనే పనికొస్తుంది.

అతను మెజిస్ట్రేటు దగ్గర ఒప్పుకుని ఉంటే దారి వేరు. సురక్షా సంహిత 183, పాత 164 చదవండి. ఒప్పుకోవాల్సిన పని లేదని మెజిస్ట్రేటు ముందే చెప్పాలి, ఒప్పుకుంటే అది తన మీదే వాడొచ్చని హెచ్చరించాలి. ఆ హెచ్చరిక రికార్డులో కనిపిస్తోందా లేదా అని తీర్పుల్లో వెతకండి.

5. చనిపోయిన మనిషి మాట

రెండో పేజీ, మూడో పేజీ కలిపి చదవండి. రెండింటికీ 26వ సెక్షన్‌లోని ఒకటో క్లాజే ఆధారం, పాతది 32(1). చనిపోయిన మనిషిని బోనెక్కించి క్రాస్ చేయలేం (ఎదుటి పక్షం తరఫున ప్రశ్నించలేం) కాబట్టి, విన్నమాట నియమానికి ఇది మినహాయింపు.

భార్య మాట చూడండి. ఆ మనిషి ఇంట్లోంచి బయలుదేరేటప్పటికి చావు ఊహలో కూడా లేదు. అయినా ఆ మాట వస్తుందా? దీనికి కూడా జవాబు మన వైపు నుంచే వచ్చింది. పాకాల నారాయణస్వామి కేసు, 1939. చనిపోయినాయన పిఠాపురం దివాన్ దగ్గర బంట్రోతు. బాకీ డబ్బు కోసం రమ్మని ఉత్తరం వచ్చిందని, బరంపురం వెళ్తున్నానని భార్యతో చెప్పి బయలుదేరాడు. 1937 మార్చిలో పూరీ స్టేషన్లో రైలు పెట్టెలో దొరికిన ట్రంకులో ఆయన శవం బయటపడింది. భార్యతో అన్న ఆ మాట చావుకు దారితీసిన పరిస్థితులకు సంబంధించిందే కాబట్టి చెల్లుతుందని ప్రివీ కౌన్సిల్ చెప్పింది. చావు దగ్గరపడిందన్న స్పృహ ఉండాలన్న ఇంగ్లండు షరతు మన చట్టంలో లేదు. అదే తీర్పు నేరాంగీకారమంటే ఏమిటో కూడా చెప్పింది: నేరాన్ని సూటిగానో, దాదాపు దానికి సంబంధించిన విషయాలన్నిటినో ఒప్పుకుంటేనే అది నేరాంగీకారం. ఆ ఒక్క తీర్పు పూర్తిగా చదవండి. రెండు అధ్యాయాలు తేలిపోతాయి.

ఆసుపత్రి వాంగ్మూలం లోపలికి రావడం సమస్య కాదు, నమ్మడమే సమస్య. దాని మీదే శిక్ష వేయొచ్చని కుశాల్ రావు తీర్పు 1957లో చెప్పింది. స్పృహలో ఉన్నాడని డాక్టరు సర్టిఫికెట్ లేనంత మాత్రాన దాన్ని పక్కన పెట్టక్కర్లేదని 2002లో లక్ష్మణ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మీ పేజీలో మాత్రం ఈ ప్రశ్నలు రాసుకోండి: రాసేటప్పుడు బంధువులు పక్కనున్నారా? అంతకుముందు ఇంకెవరితోనైనా వేరేలా చెప్పాడా? చెప్పిన భాషలోనే రాశారా?

6. కంటి సాక్షి, క్రాస్

రైతు చూశాడు, కాబట్టి రానివ్వడంలో తకరారు లేదు. ఇన్నిమంది సాక్షులుండాలన్న నియమమూ లేదు, అది 139వ సెక్షన్. ఒక్కరే ఉంటే ఎలా తూచాలో వడివేలు తేవర్ తీర్పు, 1957, చెబుతుంది: పూర్తిగా నమ్మదగినవాడు, ఏమాత్రం నమ్మలేనివాడు, రెంటికీ మధ్యవాడు. మధ్యవాడి దగ్గరే వేరే ఊతం వెతకాలి.

ఇక్కడ మీరు నేర్చుకోవాల్సిన పనితనం వైరుధ్యాన్ని రికార్డులోకి ఎక్కించడం. పుస్తకంలో నాలుగు లైన్లే ఉంటుంది, కోర్టులో కేసు దీనిమీదే నిలబడుతుంది. రైతు కోర్టులో "పొడవడం చూశాను" అన్నాడు. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో "అరుపు విని వెళ్లేసరికి అతను పరిగెత్తుతున్నాడు" అని ఉంది. ఆ వాంగ్మూలం సురక్షా సంహిత 180 కింద రాసింది, పాత 161. దాన్ని సాక్ష్యంగా వాడకూడదు. సాక్షి మాట మార్చాడని చూపడానికి మాత్రం 181, సాక్ష్య అధినియం 148 కింద వాడొచ్చు.

క్రాస్‌లో ముందు అడగాలి: "అరుపు విని వెళ్లేసరికి అతను పరిగెత్తుతున్నాడని పోలీసులకు చెప్పారా?" చెప్పలేదంటాడు. అప్పుడు వాంగ్మూలంలోని ఆ వాక్యాన్నే చదివి వినిపించాలి. మొత్తం కాగితం కాదు, ఆ ముక్క. కాదంటే ఆ ముక్కకు ఎగ్జిబిట్ డి-1 అని గుర్తు వేస్తారు. పని ఇంకా పూర్తి కాలేదు. చివర్లో దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు "ఈ సాక్షి మీ ముందు ఇలా చెప్పాడా?" అని అడగాలి. ఆయన "అవును" అంటేనే వైరుధ్యం రుజువైనట్టు. ఆ రోజు ఈ ప్రశ్న మర్చిపోతే, అంతకుముందు చేసిన క్రాస్ వృథా. చెప్పాల్సిన ముఖ్య విషయాన్ని వాంగ్మూలంలో అసలు చెప్పకపోవడం కూడా సందర్భాన్ని బట్టి వైరుధ్యమే అవుతుంది. దీనికి 1959 నాటి తహసీల్దార్ సింగ్ తీర్పు చదవండి.

ఇంత చేసినా, వాంగ్మూలంలో ఉన్నది నిజమని రుజువైనట్టు కాదు. సాక్షి మీద నమ్మకం తగ్గుతుంది, అంతే. అలాగే సాక్షి ప్రాసిక్యూషన్‌కు ఎదురు తిరిగితే, అంటే హోస్టైల్ అయితే, అతని సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోదు. అతన్ని పిలిచిన పక్షం కూడా అతని సాక్ష్యంలో ఏ భాగాన్నైనా ఆధారంగా వాడుకోవచ్చని 157వ సెక్షనే చెబుతోంది. పరీక్షల్లో ఎక్కువమంది తప్పు రాసేది ఇక్కడే.

7. మిగిలిన కాగితాలు

ఫోరెన్సిక్ రిపోర్టు నిపుణుల అభిప్రాయం, 39వ సెక్షన్. ప్రభుత్వ ప్రయోగశాల రిపోర్టును నిపుణుణ్ని పిలవకుండానే ఎలా వాడతారో సురక్షా సంహిత 329లో ఉంది.

సీసీటీవీ దగ్గర 63వ సెక్షన్ తెరవండి, పాతది 65బి. పెన్‌డ్రైవ్‌లో కాపీ తెస్తే సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ తీర్పు తేల్చింది. రికార్డయిన అసలు పరికరాన్నే యజమాని తెచ్చి బోనెక్కి చెబితే దాని అవసరం లేదని కూడా అందులోనే ఉంది. కొత్త చట్టం చివర షెడ్యూల్లో సర్టిఫికెట్ నమూనా ఇచ్చారు. దానిలో రెండు భాగాలు: ఒకటి రికార్డును దాఖలు చేసేవారు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి అంకె) కూడా రాయాలి. మన దుకాణం వీడియోకి ఆ నమూనా మీరే ఒకసారి నింపి చూడండి.

రుజువు భారానికి 104, 108, 109 సెక్షన్లు వరసగా చదవండి. ముద్దాయికి మాత్రమే తెలిసిన విషయం అతనే చెప్పాలన్న 109ని పట్టుకుని ప్రాసిక్యూషన్ తన బాధ్యత దులుపుకోలేదని 1956లోనే శంభునాథ్ మెహ్రా తీర్పు చెప్పింది. ఊహల (ప్రిజంప్షన్ల) దగ్గర "ఊహించవచ్చు", "ఊహించాలి" అన్న తేడా చూసుకోండి. పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య ఆత్మహత్య చేసుకుంటే 117 మొదటి మాట వాడింది, వరకట్న మరణానికి 118 రెండోది వాడింది. సహనేరస్థుడి గురించి 138వ సెక్షన్‌లో మాట మారింది. ఇదివరకు ఊతం లేని అతని సాక్ష్యంతో శిక్ష వేసినా చట్టవిరుద్ధం కాదనేవారు, ఇప్పుడు ఊతమున్న సాక్ష్యం అని రాశారు. పాత నోట్సు నుంచి చదివేవాళ్లు దీన్ని తప్పక సరిచూసుకోండి.

మన కేసులో రైతే లేడనుకోండి. అప్పుడు మిగిలినవన్నీ గొలుసులా కలవాలి. 1984 నాటి శరద్ బిర్దీచంద్ శార్దా తీర్పులోని అయిదు సూత్రాలు ఆ గొలుసుకి కొలత. మీ పేజీలన్నీ పక్కపక్కన పరిచి, ఏ లంకె తెగుతోందో అక్కడ గుర్తు పెట్టండి.

8. కోర్టు హాల్లో కూర్చోండి

మీ జిల్లా కేంద్రంలో సెషన్స్ కోర్టు ఉంటుంది. సాధారణంగా విచారణ బహిరంగంగానే జరుగుతుంది, ఎవరైనా వెనక బెంచీలో కూర్చుని వినొచ్చు. సాక్షి పేరు రాసుకోకండి, పీడబ్ల్యూ 1, పీడబ్ల్యూ 2 (ప్రాసిక్యూషన్ సాక్షి 1, 2) అని రాసుకోండి. పేజీని నిలువుగా మూడు గడులు చేయండి: సాక్షి చెప్పింది, వచ్చిన అభ్యంతరం, మీకు తోచిన సెక్షన్. అభ్యంతరం రాని చోట కూడా, రావాల్సిందనిపిస్తే మూడో గడి నింపండి. మొదటి రోజుల్లో చాలా గడులు ఖాళీగా మిగులుతాయి. సాయంత్రం బేర్ యాక్ట్ తెరిచి వాటిని పూర్తి చేయండి.

ఒకే కేసుని చివరిదాకా వెంబడించండి, వాయిదాలు ఎన్ని పడినా సరే. వాదనలయ్యాక, తీర్పు రాకముందే, ఏ సాక్షిని నమ్ముతారో, ఏ ఎగ్జిబిట్‌ను పక్కన పెడతారో కారణంతో సహా మీరే రెండు పేజీలు రాయండి. తీర్పు కాపీ చేతికొచ్చాక రెండూ పక్కన పెట్టుకుని చదవండి. జడ్జి నమ్మని సాక్షిని మీరు నమ్మి ఉంటే, ఏ ప్రశ్నకు అతను ఇచ్చిన ఏ జవాబు మీ దృష్టి దాటిపోయిందో మూడు గడుల పేజీలో వెతికి, దాని కింద గీత గీయండి.